కొత్త బండి – మొదటి వెయ్యి కిలోమీటర్లు

మన పత్రికలో నేను ఇంతకుముందు రెండుసార్లు రాశాను. రెండూ మిల్లు కబుర్లే. ఈసారి మోటారు సైకిల్ గురించి రాస్తున్నాను. రిటైరైపోయిన రింగు ఫ్రేము ఫిట్టరుకి మోటారు సైకిల్ సంగతులెందుకు అంటారేమో. కొత్త రింగుకీ కొత్త ఇంజనుకీ ఉన్న చుట్టరికం మన మిల్లు వాళ్ళకి చెబితేనే తొందరగా బుర్రకెక్కుతుంది. ఇంకో కారణం కూడా ఉంది, అది తర్వాత చెబుతాను. నేను చదివింది ఐదో తరగతి. రాతలో తప్పులుంటే పత్రిక వాళ్ళు దిద్దుతారు, మాటలో తప్పుంటే మీరు దిద్దండి.

మాది యానాం మెట్టకూరు. యానాం, పుదుచ్చేరి ఒకే ప్రభుత్వం కింద ఉన్నా మధ్యలో ఎనిమిది వందల కిలోమీటర్ల పైనే దూరం. నేను అంత దూరం వెళ్ళి అక్కడ ఒక మిల్లులో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి మళ్ళీ మెట్టకూరు వచ్చి పడ్డాను. మా అమ్మాయి, అల్లుడు మస్కట్‌లో ఉంటారు. వాళ్ళ అబ్బాయి మా దగ్గరే పెరిగాడు. ఇంట్లో చిన్నోడు అంటాం గానీ ఇరవై ఒక్క ఏళ్ళు. కాకినాడలో ఉద్యోగం దొరికింది. బస్సు మీద రోజూ పోయి రావడం కష్టమని వాళ్ళ నాన్న డబ్బు పంపిస్తే మొన్న శ్రావణంలో కొత్త బండి కొన్నాడు. నూట పాతిక సీసీది. మీసాల వెంకన్న గుడి దగ్గర పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. నంబరు ఇంకా రాలేదు. పీవై-04 అని మొదలయ్యే నంబరు వస్తే ఫోటో తీసి అమ్మకి పంపాలని వాడి సంబరం.

నాలుగో రోజు రాత్రి అన్నం తింటూ చెప్పాడు.

"తాతా, ఆదివారం అరకు ఎల్తన్నాం. నలుగురం, రెండు బళ్ళు."

"మీటరెంతైందిరా?"

"నూట పది."

నా చేతిలో ముద్ద ఆగిపోయింది. మా ఆవిడ మజ్జిగ పోస్తూ నా మొహం చూసి మళ్ళీ గిన్నె వైపు చూసింది.

కొత్త బండి, వెనక ఒక మనిషి, సంచులు, పైగా అరకు ఘాటు. వద్దురా, ముందు బండి ఫ్రీ అవ్వనీ అన్నాను. మర్నాడు వాడి స్నేహితుడొచ్చాడు. బళ్ళ షెడ్డులో పని నేర్చుకుంటున్నాడు, మంచి కుర్రాడే. "అయి పాతకాలం మాటలు తాతగారండీ. ఇప్పుడు కంపెనీలోనే తిప్పి చూసి పంపుతున్నారు. మొదటి రోజునుంచే గట్టిగా లాగాలండి. మెల్లిగా తోలితే రింగులు కూర్చోవు, బండి మొద్దుబారిపోద్ది" అన్నాడు.

ఆ అబ్బాయి చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది. ఇంకో సగం లేకుండా ఆ సగం మాత్రమే పట్టుకుంటేనే ప్రమాదం.

రింగు ఫ్రేము గురించి మీకు చెప్పక్కర్లేదు. పత్రిక చదివే పిల్లల కోసం చెబుతాను. స్పిండిల్ చుట్టూ ఒక ఉక్కు రింగు ఉంటుంది. దాని మీద ట్రావెలర్ అని చిన్న తీగ ముక్క, వేలి గోరంత కూడా ఉండదు, కొక్కెంలా తగులుకొని పరిగెడుతుంది. నూలు దాన్ని లాక్కుపోతుంది. మా ఫ్రేముల్లో స్పిండిల్ నిమిషానికి పన్నెండు వేల చుట్లు తిరిగేది. రింగు అడ్డంగా నలభై రెండు మిల్లీమీటర్లు. చిన్నోడు ఫోనులో లెక్కకట్టి ఆ ముక్క గంటకి తొంభై అయిదు కిలోమీటర్ల వేగంతో పరిగెత్తినట్టు అన్నాడు. మూడు దశాబ్దాలు దాని పక్కన నిలబడ్డాను, నాకే తెలియదు. అంత వేగంలో అక్కడ నూనె చుక్క ఉండదు. నూనె వేస్తే నూలుకి మరక పడుతుంది. పత్తి నలుసులే నలిగి నలిగి రింగు మీద పలుచని పొరలా అంటుకుంటాయి. ట్రావెలర్ ఆ పొర మీద జారుతుంది.

కొత్త రింగుకి ఆ పొర ఉండదు. అందుకే కొత్త రింగులు బిగించిన ఫ్రేముని మొదట్లో వేగం తగ్గించి తిప్పేవాళ్ళం. మొదటి ట్రావెలర్లని కొన్ని గంటలకే తీసి పారేసేవాళ్ళం. తర్వాత వాటిని ఇంకాస్త ఎక్కువ సేపు, ఆ తర్వాత వాటిని ఇంకొంచెం, అలా గడువు పెంచుకుంటూ పోయేవాళ్ళం. వేగం కూడా మెట్టు మెట్టుగా ఎక్కించేవాళ్ళం. ప్రొడక్షన్ పడిపోయిందని పైవాళ్ళు గోల పెట్టేవాళ్ళు. ఆ గోలకి లొంగి మొదటి రోజే పూర్తి వేగం ఇచ్చామా, ట్రావెలర్లు మాడి ఎగిరిపోయేవి, రింగు మీద గీతలు పడేవి. ఇక ఆ రింగు బతికినన్నాళ్ళూ అక్కడ పోగు తెగుతూనే ఉంటుంది. సైడర్ పిల్ల అక్కడికే మాటిమాటికీ పరిగెత్తాలి. రెండు మూడు వారాల ఓపిక లేనందుకు ఏళ్ళ తరబడి తెగులు.

ఇప్పుడు ఇంజను. సిలిండర్ లోపలి గోడ చూడ్డానికి నున్నగా ఉన్నా దాని మీద సన్నని గీతలు అడ్డదిడ్డంగా, వల అల్లినట్టు, కావాలనే గీసి ఉంచుతారు. ఆయిల్ నిలవడానికి ఆ గీతలు. వాటి అంచులు కొత్తలో గరుకుగా ఉంటాయి. పిస్టన్ చుట్టూ ఉన్న రింగులు ఆ అంచుల మీద రాసుకుంటూ, అంచులు కొంచెం అరిగి, రింగులు కొంచెం అరిగి, ఒకదానికొకటి ఒదుగుతాయి. రింగులు కూర్చోవడం అంటే ఇదే. అరిగిన ఇనప పొడి ఎక్కడికి పోతుంది? ఆయిల్లోకే. మొదటి ఆయిల్ తొందరగా మార్చమనేది అందుకే, షోరూము వాడి సంపాదన కోసం కాదు.

మొదట్లో విపరీతంగా వేడెక్కిస్తే ఆ అంచులు అరగవు, చీలిపోతాయి. ఇనుముకి ఇనుము అంటుకుంటుంది. ఇంజను పట్టేస్తుంది.

కుర్రాడు చెప్పిన సగం నిజం ఏంటంటే, లోపల పెట్రోలు మండినప్పుడు వచ్చే ఒత్తిడి రింగు వెనక్కి పోయి దాన్ని గోడకి అదుముతుంది. ఆ అదుము లేకపోతే రింగు ఒదగదు. బండిని మరీ ముద్దు చేసి ఒకటే వేగంలో, బరువు తగలకుండా నడిపితే ఆయిల్ గోడ మీద మాడి వార్నిష్‌లా పేరుకుంటుంది. గీతలు పూడిపోయి గోడ అద్దంలా అవుతుంది. తర్వాత జన్మంతా ఆయిల్ తాగుతుంది, పొగ కక్కుతుంది.

నాకు ఈ రెండు తప్పులూ తెలుసు, రెండూ చేశాను కాబట్టి.

మొదటిది 1989. పుదుచ్చేరిలో మిల్లు పక్క పేటలో ఉండేవాళ్ళం. సొసైటీలో అప్పు తీసుకుని, మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి కొత్త బండి కొన్నాను. మా లైనులో అదే మొదటి మోటారు సైకిల్. రెండు స్ట్రోకుల బండి, పెట్రోలులోనే ఆయిల్ కలిపి పోసేవాళ్ళం. బండి పేరు ఎందుకులెండి, తప్పు బండిది కాదు. షోరూములో ఒకాయన అరవంలో ఓపిగ్గా అన్నీ చెప్పాడు. కొత్తలో ఆయిల్ కాస్త ఎక్కువ కలపమన్నాడు, ఎక్సలేటర్ పూర్తిగా తిప్పొద్దన్నాడు, ఒకటే బిగువున దూరం పోవద్దన్నాడు. నేను తల ఊపుతూ హాండిల్‌కి వేసిన బంతిపూల దండ చూసుకుంటున్నాను. పుస్తకం ఇంగ్లీషులో ఉంది. ఎవరిచేతనైనా చదివించుకోవచ్చు. ఫిట్టరుని, నాకొకడు చెప్పాలా అనుకున్నాను.

వారం తిరక్కుండా అరుణాచలంలో కార్తీక దీపం వచ్చింది. తమిళుల కార్తీకం, మనదానికి కొంచెం అటూ ఇటూ. కొండ మీద సాయంత్రం ఆరింటికి దీపం వెలిగిస్తారు. మా ఆవిడ ఎన్నాళ్ళనుంచో అడుగుతోంది. నాకు ఆ రోజు పొద్దుటి షిఫ్టు. షిఫ్టు దిగి ఇంటికొచ్చి అన్నం తిని బయల్దేరేసరికే ఆలస్యమైపోయింది. ముందు పెట్రోలు టాంకు మీద ఆరేళ్ళ పిల్ల, వెనక మా ఆవిడ, ఆమె ఒళ్ళో పులిహోర డబ్బా, బట్టల సంచి. నూరు కిలోమీటర్ల పైన దారి. తిండివనం దాకా ఎలాగో వచ్చాం. అక్కడినుంచి రోడ్డు ఖాళీగా దొరికింది. పొద్దు వాలిపోతోందని ఎక్సలేటర్ చివరిదాకా తిప్పి అలాగే పట్టుకున్నాను. పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

సెంజి వస్తోంది. బుర్రకథల్లో విన్న దేసింగు రాజు సెంజి అదే. రోడ్డు మీదినుంచే కోట గుట్టలు కనిపిస్తాయి. ఎవరికీ లొంగని గుర్రాన్ని దేసింగు ఢిల్లీలో లొంగదీశాడని కథ. నేను మా పాపకి ఆ కథ చెబుతూ నడుపుతున్నాను. కథ మధ్యలో బండి గొంతు మారింది. కొంచెం కీచుగా వచ్చింది. ఎవరో వెనక్కి పట్టి లాగుతున్నట్టు బరువెక్కింది. మాడిన వాసన కూడా తగిలింది. ఎదురుగాలి కాబోలనుకున్నాను. ఎక్సలేటర్ ఇంకా తిప్పడానికి చూశాను.

చూడండి, రింగు ఫ్రేము వరసలో నాలుగు వందల స్పిండిళ్ళ మధ్య ఒక్కటి గొంతు మార్చితే దూరం నుంచే పసిగట్టేవాణ్ణి నేను. ఆ చెవులే నా దగ్గరున్నాయి. కాళ్ళ కింద ఉన్న ఒక్క ఇంజను మొర పెట్టుకుంటుంటే నాకు వినబడలేదు.

ఆ క్షణంలో క్లచ్చు పట్టుకున్నా సరిపోయేది. ఇంజను పట్టేసినా వెనక చక్రం తిరిగేది, బండి జారుకుంటూ పోయి ఆగేది. ఇది అందరూ గుర్తుపెట్టుకోండి, మీ పిల్లలకి చెప్పండి. నడుస్తున్న బండి ఉన్నట్టుండి బరువెక్కితే ముందు క్లచ్చు పట్టాలి. నేను పట్టలేదు. వెనక చక్రం కట్టేసినట్టు ఆగిపోయింది. బండి అడ్డం తిరిగింది. పిల్ల నా మీద పడింది, దానికి మోకాలు గీరుకుంది, అంతే. మా ఆవిడ ఎడమ పక్కకి పడి భుజం విరిగింది. పులిహోర రోడ్డంతా చిందింది.

సెంజిలో మెకానిక్ ఒకాయన ఇంజను విప్పి పిస్టన్ చూపించాడు. ఒక పక్క కొరికేసినట్టు గీతలు. అరవంలో మా ఆవిడ వినేలాగే అన్నాడు, ఇది బండి చేసిన పని కాదు, నువ్వు చేసిన పని అని. బోరు కొట్టించి కొత్త పిస్టన్ వేయించడానికి రెండు నెలల జీతం పోయింది. భుజానికి ఎముకల కట్టు కట్టించాం. కట్టు విప్పాక చెయ్యి కదిలించి సాధన చేయించాలని మాకు తెలియదు. ఆ ఎడమ చెయ్యి ఇప్పటికీ భుజం దాటి పైకి లేవదు.

ఊళ్ళో, మిల్లులో, పుట్టింటి వాళ్ళకి, అందరికీ చెప్పింది ఒకటే మాట. రోడ్డు మీద కుక్క అడ్డం వచ్చింది. ఆ కుక్కని పుట్టించింది నేను కాదు, మా ఆవిడే. వాళ్ళ అన్నయ్య మంచం దగ్గర కూర్చుని ఎలా పడ్డారే అని అడిగితే, నేను నోరు తెరిచేలోపే "కుక్క అడ్డం వచ్చిందన్నయ్యా, ఆయన తప్పేం లేదు" అంది. అంతే, ఆ కుక్క మా ఇంట్లో స్థిరపడిపోయింది. మా అమ్మాయి అయితే తను కళ్ళారా చూశానంటుంది. నల్ల కుక్కట.

ఇక రెండో తప్పు. దీన్ని తొందరగా చెప్పేస్తాను. 2001లో నాలుగు స్ట్రోకుల బండి కొన్నాను. మొదటిదాని భయం ఒంట్లో ఉంది. ఆ బండిని చంటిపిల్లలా చూశాను. ముప్ఫై దాటనివ్వలేదు. అదీ టాప్ గేరులో, దడదడ కొట్టుకుంటున్నా గేరు దించేవాణ్ణి కాదు, మెల్లిగా పోతే చాలు ఇంజనుకి సుఖం అనుకున్నాను. అదీ తప్పే. తక్కువ వేగంలో పెద్ద గేరు వేస్తే ఇంజనుకి నడుం విరిగే బరువు. ఏడాదికల్లా పొగ. ఆయిల్ పోయడం, తాగడం, మళ్ళీ పోయడం. విప్పితే గోడ అద్దంలా మెరుస్తోంది. మెకానిక్ నవ్వి, "ఇంత జాగ్రత్తగా చెడగొట్టినవాణ్ణి నేను చూళ్ళేదన్నా" అన్నాడు.

ఇప్పుడు మళ్ళీ చిన్నోడి దగ్గరికొస్తాను. శనివారం సాయంత్రం వాడు సంచి సర్దుకుంటున్నాడు. నేను దండెం మీద బట్టలు ఆరేస్తున్నాను. ముప్పై అయిదేళ్ళుగా మా ఇంట్లో బట్టలు ఆరేసేది నేనే, అటక మీది డబ్బాలు దించేది నేనే. పేటలో ఆడవాళ్ళు నవ్వుతారు, చిన్నోడు మాత్రం మా తాత బంగారం అని స్నేహితులకి చెప్పుకుంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు లోపల ఏదో గుచ్చుకునేది.

"ఒరేయ్, ఇలా రా. నేను బట్టలెందుకు ఆరేస్తానో తెలుసా?" అన్నాను.

"అమ్మమ్మకి చెయ్యి లేవదు కదా. కుక్క అడ్డమొచ్చి పడింది కదా."

"కుక్క లేదురా."

వాడికి మొత్తం చెప్పాను. దండ చూసుకుంటూ వినకపోవడం, తిండివనం దాటాక ఎక్సలేటర్, మాడిన వాసన, మెకానిక్ మాట, అన్నీ. వాడు సంచి పక్కన పెట్టి మెట్టు మీద కూర్చున్నాడు. చాలాసేపు ఏమీ అనలేదు. లోపలినుంచి మా ఆవిడ గొంతు వినిపించింది.

"ఆ కుక్క చచ్చి ముప్పై ఏళ్ళయింది. ఇప్పుడు దాన్నెందుకు లేపావు మావా?"

నేను జవాబు చెప్పలేదు. చిన్నోడు లేచి ఫోను తీసి బయటికి వెళ్ళాడు. అరకు వాళ్ళు వెళ్ళారు, వీడు వెళ్ళలేదు.

మర్నాడు ఆదివారం ఇద్దరం బండి పుస్తకం ముందేసుకు కూర్చున్నాం. వాడు చదివాడు, నేను విన్నాను. ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. వేగం ఎంత, మొదటి సర్వీసు ఎన్ని కిలోమీటర్లకి, ఏ రకం ఆయిల్, ఇవన్నీ మీ బండి పుస్తకం చూసే చేయాలి గానీ పక్కింటివాడి బండి లెక్క చూసి కాదు. వాడి బండికి మొదటి వెయ్యి కిలోమీటర్లకి ఒక హద్దు, ఆ తర్వాత వెయ్యికి ఇంకో హద్దు రాసి ఉంది. స్నేహితుడు చెప్పినట్టు ఇప్పటి బళ్ళ తయారీ మా రోజుల కంటే చాలా నయం, నేను ఒప్పుకుంటాను. కానీ అంత గొప్పగా తయారుచేసిన కంపెనీ వాడే పుస్తకంలో హద్దు రాశాడంటే ఊరికే రాయడు కదా.

మిల్లులో లాగే ఒక నోటుబుక్కు పెట్టాం. తారీఖు, మీటరు, ఎక్కడికి వెళ్ళాడు, ఏం వినబడింది. "ఏం వినబడింది" అన్న గడి నేనే పెట్టించాను. చిన్నోడు మొదట నవ్వాడు. వారానికి వాడే రాశాడు, చైను దగ్గర టకటక అని. చూస్తే చైను వదులైంది. కొత్త చైను మొదట్లో సాగుతుంది, చూసుకుని బిగించుకోవాలి.

కాకినాడ పోయి వచ్చే దారి అలాంటి బండికి మంచి బడి. తాళ్ళరేవు, కోరంగి ఊళ్ళలో మెల్లిగా పోవాలి, ఊరు దాటాక కొంచెం అందుకోవచ్చు. దానివల్ల వేగం దానంతట అదే మారుతూ ఉంటుంది. కావలసింది అదే. ఒకటే వేగం వద్దు. గేరు మార్చి, ఎక్సలేటర్ సగం దాకా, ఇంకొంచెం పైదాకా హుషారుగా ఎత్తుకోవాలి. రింగుకి అదుము తగులుతుంది. తర్వాత వదిలేయాలి. వదిలినప్పుడు గోడ చల్లబడుతుంది. మళ్ళీ ఎత్తుకోవాలి. పూర్తిగా తిప్పి పట్టుకోవడం వద్దు, టాప్ గేరులో ఈడ్వడమూ వద్దు. ఇంజను దడదడమంటే వెంటనే గేరు దించాలి. పొద్దున్న స్టార్ట్ చేయగానే ఎగిరిపోకుండా అర నిమిషం ఆగి, మొదటి రెండు కిలోమీటర్లు మెత్తగా పోతే చాలు. ఇప్పటి బళ్ళకి, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అని వచ్చినవాటికి, చోకు లాగే పని లేదు. అలాగని స్టాండు మీద పెట్టి పది నిమిషాలు ఉత్తినే తిప్పుతూ ఉండటం కూడా మంచిది కాదు. కొంతమంది కొత్త బండిని రాత్రంతా అలా తిప్పి ఫ్రీ చేస్తామంటారు. నమ్మకండి.

టైర్ల సంగతి ఎవరూ చెప్పరు. కొత్త టైరు మీద నునుపు పొర ఉంటుంది, జారుతుంది. మొదటి నూట యాభై కిలోమీటర్ల దాకా మలుపుల్లో ఒరిగించొద్దు, వానలో అసలే వద్దు. బ్రేకులు కూడా కొత్తలో పూర్తిగా పట్టవు, అవీ ఒదగాలి. ముందు బండికి దూరం ఇచ్చి నడపాలి.

మన పేటల్లో కొందరు పిల్లలు కొత్త బండి కొన్న మర్నాడే పార్సిళ్ళ పనికి వెళ్తున్నారు. నెలవాయిదా కట్టాలి, వెయ్యి కిలోమీటర్లు తిరిగేదాకా పని మానుకోమంటే కుదరదు. నాకు తెలుసు. కనీసం మొదటి రెండు వారాలు బరువు తగ్గించుకోండి, వెనక ఇద్దరిని ఎక్కించకండి, మధ్యాహ్నం ఎండలో ఒకటే పోత పోకుండా గంటకోసారి పది నిమిషాలు నీడలో ఆపండి. టీ తాగినట్టూ ఉంటుంది.

ఇంకొకటి. ఆయిల్లో కలిపితే ఇంజను నున్నగా అవుతుందని డబ్బాలు అమ్ముతారు. మొదట్లో కావలసింది నునుపు కాదు, ఒరిపిడి. పుస్తకంలో ఏం రాసి ఉంటే అది పోయండి, చాలు. మా యానాంలో పెట్రోలు రేటు తక్కువని చుట్టుపక్కల ఆంధ్రా వాళ్ళంతా వచ్చి పోయించుకుంటారు. బంకుల దగ్గర లైనులో నిలబడ్డప్పుడు చిన్నోడు ఇంజను ఆపేసి తోసుకుంటూ ముందుకెళ్ళేవాడు. అది నేను చెప్పలేదు, వాడే నేర్చుకున్నాడు.

మొదటి సర్వీసు రోజు నేను కూడా వెళ్ళాను. పాత ఆయిల్ పారేయొద్దు, చూపించండి అని అడిగాను. వాళ్ళు వింతగా చూశారు గానీ ట్రేలో పట్టి ఇచ్చారు. ఎండలోకి తీసుకెళ్ళి వంచితే నల్లటి ఆయిల్లో సన్నని మెరుపులు, పాపిట్లో రాలిన వెండి రంగు పొడిలా. చిన్నోడు వేలితో తీసి చూసుకున్నాడు. "ఇదంతా మన ఇంజనులోదేనా తాతా?" అన్నాడు. ఇంజనులోదే, ఇంత పొడీ లోపల తిరుగుతూ ఉంటే ఏం చేసేదో ఆలోచించుకో అన్నాను. వాల్వుల సందు చూపించి, చైను బిగించి, బిల్లు, సర్వీసు పుస్తకంలో ముద్ర జాగ్రత్తగా తీసుకున్నాం. ముద్రలు లేకపోతే తర్వాత గ్యారంటీ దగ్గర పేచీ పెడతారు.

ఒక సంగతి దాచకూడదు. శనివారం రాత్రి నేను చెప్పింది చిన్నోడు మస్కట్‌కి ఫోను చేసి వాళ్ళ అమ్మకి చెప్పేశాడు. మా అమ్మాయి నాతో వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత ఫోను చేసింది. తిడుతుందనుకున్నాను. "నాన్నా, మరి ఆ నల్ల కుక్క నాకెలా గుర్తుంది?" అని అడిగింది. దానికి నేనేం చెప్పను?

దసరాకి ఆయుధపూజ చేసుకున్నాం. మీటరు పదిహేను వందలు దాటింది. మర్నాడు చిన్నోడు బండి తుడిచి, "అమ్మమ్మా, ద్రాక్షారామం ఎల్దామా?" అన్నాడు. 1989 తర్వాత ఆమె మోటారు సైకిల్ ఎక్కలేదు. నా రెండో బండి కూడా ఎక్కలేదు. ఎక్కమని అడిగే మొహం నాకు లేదు. ఆటోలో వెళ్దాం అంటుందనుకున్నాను. చీర మార్చుకుని వచ్చింది. హెల్మెట్ బకిలు పెట్టుకోవడానికి ఎడమ చెయ్యి రాకపోతే నేను పెట్టాను. కుడిచేత్తో వాడి భుజం పట్టుకుని కూర్చుంది. నేను వీధి చివరిదాకా నడిచి వెళ్ళి నిలబడ్డాను, ఇంజను చప్పుడు వినబడినంతసేపూ.

సాయంత్రం తిరిగొచ్చాక ప్రసాదం చేతిలో పెట్టింది. ఎలా నడిపాడే అన్నాను.

"ఏం నడపడం! ఎనకాల లారీవోడు ఒకటే హారను. సైకిలోడు కూడా దాటెల్లిపోయాడు. వాడికి ఏం సెప్పావో ఏమో, కొంచెం జోరుగా తోలమని సెప్పు."